తలవ్రాత చదివిన హాన్స్ బెర్గర్

విధి మనుష్యుని నుదుట వ్రాసిన వ్రాత ఎవరికీ కనిపించదని మనవారి నమ్మకం. పుఱ్ఱెమీది అతుకుల గీతలను చూపి, అదే బ్రహ్మలిపి అని చెప్పే పెద్దలు మన పల్లెలలో ఉండేవారు. ఆ లిపిని చదివినవారెవరో మనకు తెలియదు. కాని పుఱ్ఱె లోపలినుండి క్షణక్షణమూ వెలువడే మరొక వ్రాతను మొట్టమొదట కాగితంమీదికి ఎక్కించినవాడు మాత్రం ఉన్నాడు. ఆయన జర్మనీ దేశపు వైద్యుడు హాన్స్ బెర్గర్. మూర్ఛరోగి తలకు తీగెలు తగిలించి తీసే ఇ.ఇ.జి. పరీక్షకు మూలపురుషుడాయన. నేడు కళాశాల విద్యార్థులు తలకు పట్టీవంటి హెడ్‌సెట్టు పెట్టుకొని, తమ మెదడు తరంగాలను కంప్యూటరు తెరమీద చూచుకొంటూ పరిశోధనలు చేయగలుగుతున్నారంటే, అదీ ఆయన చలవే.

అట్టి బెర్గర్ జీవితం ఒక వింత కథ. ఆయన వెదకినది ఒకటి, ఆయనకు దొరికినది వేరొకటి. దొరికినదానివలన లోకానికి అపారమైన మేలు జరిగింది. అయితే ఆ మేలు చేసిన మనిషే తన చివరి సంవత్సరాలలో ఒక ఘోరమైన చట్టానికి చేతికఱ్ఱగా నిలిచినాడు. ఈ రెండింటిని చేర్చి చెప్పనిదే ఆయన చరిత్ర చెప్పినట్లు కాదు.

హాన్స్ బెర్గర్ 1873వ సంవత్సరం మే 21వ తేదీన, జర్మనీలోని కోబుర్గ్ పట్టణానికి చేరువగా ఉన్న నాయిసెస్ అనే పల్లెలో జన్మించినాడు. తండ్రి పౌల్ ఫ్రీడ్రిక్ బెర్గర్ వైద్యుడు. తల్లి అన్నా ప్రసిద్ధ జర్మన్ కవి ఫ్రీడ్రిక్ రూకర్ట్ కుమార్తె. ఈ రూకర్ట్ పేరు మనం ప్రత్యేకంగా తలచుకోదగినది. ఆయన కవి మాత్రమే కాడు, సంస్కృతం, అరబ్బీ, పారశీకం మొదలైన ప్రాచ్యభాషలలో పండితుడు. మహాభారతంలోని నలోపాఖ్యానాన్ని 1828లో జర్మన్ పద్యాలలో వెలయించినాడు. జయదేవుని గీతగోవిందాన్ని కూడ తన భాషలోనికి తెచ్చినాడు. మన నన్నయభట్టు అరణ్యపర్వంలో తెనిగించిన కథనే ఎనిమిది వందల ఏండ్ల తర్వాత ఆ జర్మన్ కవి తనవారికి వినిపించినాడన్నమాట. రూకర్ట్ 1866లోనే గతించినందున మనుమడు తాతగారిని చూడలేదు. కాని ఆయన జీవించి, కన్నుమూసిన ఊరిలోనే పుట్టి, ఆ కీర్తి నీడలో పెరిగినాడు. దూరాన ఉన్న దమయంతి మనస్సునూ నలుని మనస్సునూ కలిపినది హంస. ఒక మనస్సులోని మాట మరొక మనస్సుకు ఏ దారిన చేరుతుందనే ప్రశ్న ఈ మనుమనికి జీవితాంతమూ వదలని వ్రతమైనది.

ఆ ప్రశ్న ఆయనకు పుస్తకాలవలన కలిగినది కాదు. కోబుర్గ్‌లో పాఠశాల చదువు ముగించి, ఖగోళశాస్త్రజ్ఞుడు కావలెనని విశ్వవిద్యాలయంలో చేరినాడు. ఆ చదువు ఎంతోకాలం సాగలేదు. దానిని విడిచి ఒక సంవత్సరం సైనికసేవకు వెళ్ళినాడు. 1893లో వ్యూర్ట్స్‌బుర్గ్ పట్టణం వద్ద కవాతు జరుగుతూండగా ఆయన ఎక్కిన గుఱ్ఱం బెదరి ముందుకాళ్ళమీద లేచింది. బెర్గర్ క్రిందపడినాడు. గుఱ్ఱాలు లాగుకొనివస్తున్న ఫిరంగిబండి చక్రం మీదికి వచ్చి, ఆఖరిక్షణంలో ఆగింది. ప్రాణం దక్కింది కాని యువకుని గుండె అదరిపోయింది. ఆ సాయంకాలమే ఆయనకు ఇంటినుండి ఒక తంతి వచ్చింది. కుశలమా అని తండ్రి అడిగినాడు. ఎన్నో మైళ్ళ దూరాన ఉన్న అక్కగారికి ఆనాడు ఉన్నట్టుండి మనస్సు కలతచెంది, తమ్మునికి ఏదో ఆపద వచ్చిందని పట్టుబట్టి తండ్రిచేత ఆ తంతి ఇప్పించింది. అంతకుముందు ఎన్నడూ ఆయనకు ఇంటినుండి అటువంటి తంతి వచ్చి ఎరుగడు.

ఇది కాకతాళీయమని మరొకడైతే కొన్నాళ్ళు చెప్పుకొని మరచిపోయి ఉండేవాడు. బెర్గర్ మరువలేదు. మృత్యుముఖంలో ఉన్న తన మనస్సునుండి ఏదో శక్తి వెలువడి, తనయందు ఎక్కువ మమకారంగల అక్కగారి మనస్సును తాకిందని నమ్మినాడు. ఆ శక్తి ఏమిటి? దానిని తూచవచ్చునా, కొలవవచ్చునా? నక్షత్రాల చదువు వదలి వైద్యశాస్త్రం చేపట్టినాడు. 1897లో యేనా విశ్వవిద్యాలయంలో పట్టం పుచ్చుకొని, అక్కడి మనోరోగ చికిత్సాలయంలో ఆటో బిన్‌స్వాంగర్ అనే ఆచార్యునివద్ద సహాయకుడుగా కుదిరినాడు. మతిచలించిన తత్త్వవేత్త నీచేను 1889లో తీసుకొనివచ్చి చేర్పించినది ఈ చికిత్సాలయంలోనే. బెర్గర్ తన ఉద్యోగజీవితం దాదాపు అంతా ఇక్కడనే గడిపినాడు.

పైకి చూచేవారికి బెర్గర్ గడియారంవంటి మనిషి. ఏ రోజు ఏ వేళకు ఏ పని చేయవలెనో ఆ వేళకు ఆ పని తప్పేది కాదు. మితభాషి, బిడియస్థుడు, క్రమశిక్షణ విషయంలో కఠినుడు. ఇతనివల్ల క్రొత్త సంగతి ఏదో బయటపడుతుందని తోటివారెవరూ అనుకోలేదు. వైద్యశాలలోని దినచర్య ముగిసిన తరువాత, సాయంకాలాలు ఒక చిన్న ప్రయోగశాలలో ఒంటరిగా ఆయన ఏమి చేస్తున్నాడో చాలమందికి తెలియదు.

ఆయన సిద్ధాంతం ఇది. మెదడులో రసాయనిక మార్పులవలన శక్తి పుడుతున్నది. ఆ శక్తిలో కొంత వేడిమిగా, కొంత విద్యుత్తుగా, కొంత మనోవ్యాపారంగా మారుతున్నది. మొదటి రెండింటిని సరిగా కొలిస్తే మూడవదాని జాడ తెలియకపోదు. ఈ ఆశతో ముందు నెత్తురును పట్టుకొన్నాడు. గాయంవలననో శస్త్రచికిత్సవలననో పుఱ్ఱెలో కొంత ఎముక పోయిన రోగులలో, మెదడు నాడివలె కొట్టుకొనడం పైనుండే కనిపిస్తుంది. సంతోషం, భయం, నొప్పి కలిగినప్పుడు ఆ స్పందన ఎట్లు మారుతుందో ఏండ్లతరబడి కొలిచినాడు. ఫలితం తృప్తినివ్వలేదు. తరువాత మెదడు వేడిమిని కొలిచి 1910లో గ్రంథం ప్రకటించినాడు. దానివలన కూడ రహస్యం బయటపడలేదు. ఇక మిగిలినది విద్యుత్తు.

మెదడులో విద్యుత్తు ఉన్నదన్న సంగతి అప్పటికే కొందరికి తెలుసు. ఇంగ్లండులోని లివర్పూల్ నగరంలో రిచర్డ్ కేటన్ అనే వైద్యుడు కుందేళ్ళ మెదడులనుండి, కోతుల మెదడులనుండి విద్యుత్ప్రవాహాన్ని గుర్తించి 1875లోనే ప్రకటించినాడు. పోలండులో అడాల్ఫ్ బెక్ 1890లో అట్టి ప్రయోగాలే చేసినాడు. ప్రావ్దిచ్-నెమిన్‌స్కీ అనే శాస్త్రజ్ఞుడు కుక్క మెదడు విద్యుత్తును 1912లో పటంగా తీసినాడు. కాని మనిషి విషయం వేరు. బ్రతికియున్న మనిషి పుఱ్ఱెను ప్రయోగానికై తెరువరాదు. మూసియున్న పుఱ్ఱె పైనుండి ఆ విద్యుత్తును పట్టడం ఎంత కష్టమో ఒక లెక్క చెప్పితే తెలుస్తుంది. టార్చిలైటులో వేసే బ్యాటరీ శక్తి ఒకటిన్నర వోల్టు. గుండెనుండి చర్మంమీదికి వచ్చేది వోల్టులో సుమారు వెయ్యవవంతు. మెదడునుండి ఎముకను, నెత్తిచర్మాన్ని దాటి పైకి వచ్చేదో, వోల్టును పదిలక్షల భాగాలు చేస్తే అందులో కొన్ని పదుల భాగాలు మాత్రమే. బెర్గర్ 1902లో కుక్కల మెదడులమీద చేసిన ప్రయత్నం విఫలమైనది. 1910లో మళ్ళీ చేసినాడు. మళ్ళీ విఫలమే.

1911లో ఉర్సులా ఫన్ బ్యూలో అనే ప్రభువంశపు యువతిని పెండ్లాడినాడు. ఆమె ఆయన ప్రయోగశాలలో సహాయకురాలుగా పనిచేసినది. మొదటి ప్రపంచయుద్ధంలో పశ్చిమ రణరంగంలో సైనిక మనోవైద్యుడుగా ఉన్నాడు. 1919లో బిన్‌స్వాంగర్ తరువాత ఆచార్యపీఠం ఆయనదైనది. 1927లో యేనా విశ్వవిద్యాలయానికే రెక్టరుగా ఎన్నికైనాడు. ఇవన్నీ లోకం చూచిన ఎదుగుదలలు. ఆయన మనస్సు మాత్రం ఎక్కడ ఉండవలెనో అక్కడనే ఉన్నది.

1924 జూలై 6వ తేదీన ఆ నిరీక్షణ ఫలించింది. పదునేడేండ్ల బాలునకు గూలెకే అనే శస్త్రవైద్యుడు మెదడు చికిత్స చేసినాడు. అందుకై ఎముక తొలగించిన చోట బెర్గర్ తన ఎలక్ట్రోడులను అమర్చి తీగె గాల్వనోమీటరుకు కలిపినాడు. అయస్కాంతాల నడుమ వ్రేలాడే సన్నని తీగె, విద్యుత్తు సోకినప్పుడు అటునిటు కదులుతుంది. ఆనాడు ఆ తీగె మెల్లగా, లయబద్ధంగా ఊగింది. ఆ ప్రశ్న మనస్సులో పడిన ముప్పదియొక్క సంవత్సరాలకు ఆయనకు దొరికిన మొదటి జవాబు ఆ ఊగులాట.

మరొకరైతే మరునాడే పత్రికకెక్కి ఉండేవారు. బెర్గర్ అయిదేండ్లు నోరు మెదపలేదు. తాను చూచినది నిజంగా మెదడు విద్యుత్తేనా అని తనకే అనుమానం. గుండె కొట్టుకొనడంవలన కలిగిన భ్రమ కావచ్చు. కనుగ్రుడ్లు కదలడం, కణతల కండరాలు బిగియడం, నెత్తిచర్మంలో నెత్తురు పారడం, ఇవన్నీ తీగెను కదిలింపగలవే. ఒక్కొక్క అనుమానానికి ఒక్కొక్క పరీక్ష పెట్టినాడు. గుండె పటాన్ని ప్రక్కనే తీసి పోల్చినాడు. ఊపిరి బిగబట్టించి చూచినాడు. చర్మంక్రిందికి సూదులు దింపి చూచినాడు. ఉప్పునీటితో తడిపిన గుడ్డచుట్టి లోహపు రేకులు తలకు కట్టి చూచినాడు. రోగుల మీదనే కాక తన మీదను, తన కుమారుడు క్లౌస్ మీదను ప్రయోగాలు చేసినాడు. ఆ బాలుని తలనుండి తీసిన పటాలు డెబ్బదికి పైగా ఉన్నవి. ఇంత జరిగిన తరువాత 1929లో, మనుష్యుని ఎలెక్ట్రెన్‌కెఫలోగ్రాం అనే పేరుతో మొదటి వ్యాసం ప్రకటించినాడు. ఇ.ఇ.జి. అనే పొడి అక్షరాలు అందులోనుండి వచ్చినవే. అదే శీర్షికక్రింద 1938 వరకు మొత్తం పదునాలుగు వ్యాసాలు వెలువడినవి.

ఆయన కనుగొన్న ముఖ్యవిషయం చిత్రమైనది. మనిషి కన్నులు మూసుకొని నెమ్మదిగా ఉన్నప్పుడు, తల వెనుకభాగంనుండి సెకనుకు సుమారు పది పర్యాయాలు లేచి పడే నిండైన తరంగం వస్తుంది. కన్నులు తెరవగానే అది అణగిపోతుంది. కన్నులు మూసియున్నా, ఏదైనా కష్టమైన లెక్కను మనస్సులో కట్టమంటే అప్పుడు కూడ సన్నగిల్లుతుంది. దీనికి ఆల్ఫా అని, దానికంటె చిన్నవై వేగంగా కదిలే అలలకు బీటా అని ఆయన పేర్లు పెట్టినాడు. పని ఎక్కువైతే అల పెద్దది కావలె కదా, తగ్గడమేమని సందేహం కలుగుతుంది. సంతలో జనమంతా ఎవరి బేరం వారు మాట్లాడుకొంటుంటే దూరానికి గోల వినిపిస్తుందేకాని లయ వినిపించదు. అదే జనం పనిమాని కూర్చుండి భజన చేస్తే తాళం ఊరవతలికి కూడ వినిపిస్తుంది. మెదడులోని నాడీకణాలు లక్షలకొలది ఒక్క లయలో కదిలినప్పుడే వాటి విద్యుత్తు కూడి పుఱ్ఱె దాటి రాగలుగుతుంది. చూచే పని, ఆలోచించే పని పడినప్పుడు ఎవరి పని వారిదై ఆ లయ చెదరిపోతుంది.

ఈ ప్రయోగాన్ని ఏ విద్యార్థియైనా నేడు తానుగా చేసి చూడవచ్చు. చవుకలో దొరికే హెడ్‌సెట్లలో కొన్ని ఎలక్ట్రోడులే ఉంటవి. అవి తల వెనుకభాగాన చర్మానికి చక్కగా అంటేట్లు ఉంచి, స్నేహితుని ఒక నిమిషం కన్నులు మూసుకొమ్మని, ఒక నిమిషం తెరువుమని, అట్లు మార్చి మార్చి గుర్తించితే చాలు. చాలమందిలో ఆల్ఫా లేచి పడడం కనిపిస్తుంది. కొందరిలో పుట్టుకతోనే అది సన్నగా ఉంటుంది. అయితే బెర్గర్ పడిన అనుమానాలన్నీ ఆ విద్యార్థి కూడ పడితీరవలె. పండ్లు బిగించినా, రెప్ప వాల్చినా, నుదురు ముడిచినా గీత ఎగిరిపడుతుంది. అది మెదడు మాట కాదు, కండరాల మాట. ఇంటి కరెంటు కూడ సెకనుకు 50 పర్యాయాల తన అలను అందులో కలుపుతుంది. యంత్రం చూపినదంతా ఆలోచనయే అని సంబరపడక, ఏది మెదడుది, ఏది కాదు అని వేరుచేయడమే ఈ విద్యలో సగం. ఆ ఓర్పును నేర్పిన మొదటి గురువు బెర్గరే.

1929 వ్యాసాన్ని లోకం పట్టించుకొనలేదు. మానసిక వైద్యుడొకడు సరిగా తెలియని యంత్రంతో ఏదో గీత గీసినాడని శరీరశాస్త్రజ్ఞులు పెదవి విరిచినారు. ఆ ఉపేక్షను తొలగించినవాడు కేంబ్రిడ్జిలోని ఎడ్గార్ ఏడ్రియన్. 1932లో నోబెల్ బహుమానం అందుకొన్న ఆ విజ్ఞాని, ఈ తరంగం ఒట్టి భ్రమ అయియుండునన్న అనుమానంతోనే సహచరుడు మాథ్యూస్‌తో కలిసి పరీక్షకు దిగినాడు. ఆ తరంగం ఏడ్రియన్ తలలోనే చక్కగా కనిపించింది. 1934లో వారు తమ ఫలితాలను ప్రకటిస్తూ దానికి బెర్గర్ లయ అని పేరు పెట్టినారు. అంతటితో ద్వారాలు తెరచుకొన్నవి. మరుసటి సంవత్సరమే అమెరికాలోని బోస్టన్ నగరంలో గిబ్స్, డేవిస్, లెనాక్స్ అనేవారు, బాలలకు క్షణకాలం స్మృతితప్పే ఒక రకం మూర్ఛలో సెకనుకు మూడు పర్యాయాల ప్రత్యేకమైన తరంగం వస్తుందని చూపినారు. 1936లో ఇంగ్లండులో గ్రే వాల్టర్ మెదడులో కంతి ఉన్నచోటు మందగతి తరంగాలవలన తెలుస్తుందని చూపినాడు. 1937లో ప్యారిస్‌లో జరిగిన అంతర్జాతీయ మనస్తత్వశాస్త్ర మహాసభలో ఏడ్రియన్‌తోపాటు బెర్గర్‌కు అగ్రాసనం లభించింది. స్వదేశంలో కంటె పరదేశంలోనే ఆయనకు గౌరవం ఎక్కువ దొరికింది.

మూర్ఛ అంటే దయ్యం పట్టడమని, పూర్వజన్మ పాపమని, వంశానికి కళంకమని లోకం వేల ఏండ్లు అనుకొన్నది. అది మెదడులోని విద్యుత్తు అదుపుతప్పడం అని కంటికి కనిపించేట్లు చూపే సాధనం బెర్గర్ ఇచ్చినాడు. ఆ రోగులకు ఇంతకంటె మేలు చేసినవారు అరుదు. ఆయన జీవితంలోని చీకటి భాగం సరిగా ఇక్కడనే మొదలవుతుంది.

1933లో జర్మనీలో హిట్లర్ అధికారానికి వచ్చినాడు. ఆ జూలై 14వ తేదీన, వంశపారంపర్య రోగాలు కలవారికి బిడ్డలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయించే చట్టం వచ్చింది. రోగి ఇష్టంతో పనిలేదు. చట్టంలో పేర్కొన్న రోగాలలో బుద్ధిమాంద్యం, కొన్ని మనోరోగాలు, అంధత్వం, బధిరత్వంతోపాటు మూర్ఛ కూడ ఉన్నది. తీర్పు చెప్పడానికి ప్రత్యేక న్యాయస్థానాలు, వాటిపై అప్పీలు వినడానికి ఉన్నత న్యాయస్థానాలు ఏర్పడినవి. వానిలో న్యాయాధికారితోపాటు వైద్యులు కూర్చుండేవారు. ఈ చట్టంక్రింద సుమారు నాలుగు లక్షలమందికి ఆ శస్త్రచికిత్స జరిగిందని చరిత్రకారుల అంచనా. యేనాలోని ఉన్నత న్యాయస్థానంలో కూర్చున్న వైద్యులలో హాన్స్ బెర్గర్ ఒకడు.

చాలకాలం వరకు బెర్గర్ చరిత్రకారులు మరొక కథ చెప్పినారు. ఆయన నాజీలకు విరోధి అని, అందుచేతనే 1938లో వారు ఆయనను బలవంతంగా పదవినుండి తొలగించినారని, ఆ అవమానంతో ప్రాణం విడిచినాడని వ్రాసినారు. విశ్వవిద్యాలయపు పాత కాగితాలను తిరుగవేసిన ఇటీవలి పరిశోధకులకు ఆ కథ నిలువలేదు. ఆయన 1938లో అరువదియైదేండ్లు నిండి యథావిధిగా విశ్రాంతి తీసుకొన్నాడు. నాజీల ఎస్.ఎస్. దళానికి చందా చెల్లించే పోషకసభ్యుడుగా ఆయన పేరు ఉన్నది. శస్త్రచికిత్స వద్దని మొరపెట్టుకొన్న రోగుల అప్పీళ్ళను త్రోసివేసిన తీర్పులలో ఆయనకు పాలు ఉన్నది. 1941లో ఆ న్యాయస్థానంలో మళ్ళీ కూర్చుండుమని పిలుపు వస్తే సమ్మతి తెలుపుతూ ఉత్తరం వ్రాసినాడు.

ఆ కాలంలో అందరూ అట్లే చేసినారని, ఉద్యోగస్థుడు ఏమి చేయగలడని సమర్థించేవారు ఉండవచ్చు. ఆ మాట ఇక్కడ చెల్లదు. తన కంటికి కనిపించిన గీతను నమ్మడానికి అయిదేండ్లు తీసుకొన్న మనిషి ఆయన. వంద అనుమానాలు తీరిన తరువాతగాని ఒక్క వాక్యం ప్రకటింపని మనిషి. అట్టివాడు ఆ చట్టపు శాస్త్రం ఎంత బలహీనమో ఆ ఓర్పుతోనే పరీక్షించి ఉండవలసినది. తరంగం విషయంలో చూపిన సంశయం మనుష్యుల విషయంలో చూపలేదు. ఆ న్యాయస్థానం ఎదుట నిలిచినవారి పేర్లు ఏ గ్రంథంలోను పెద్ద అక్షరాలలో లేవు. వారి బాధ మాత్రం ఆయన కీర్తి ప్రక్కన నిలిచి ఉంటుంది.

విశ్రాంతి పొందిన తరువాత ఆయన మొదటి ప్రశ్నకే తిరిగివచ్చినాడు. 1940లో ప్సూకే అనే చిన్న పుస్తకంలో, ఏనాటిదో ఆ ఫిరంగిబండి సంగతి, అక్కగారి తంతి సంగతి లోకానికి చెప్పినాడు. తాను పట్టిన విద్యుత్తు అత్యల్పమైనదని, అది తలనుండి బయలుదేరి మైళ్ళు ప్రయాణం చేయజాలదని ఒప్పుకొన్నాడు. కాబట్టి మనస్సులను కలిపే శక్తి మరేదో ఉండవలెనన్నాడు. దానికి నిదర్శనం ఆయనకు దొరకలేదు. తరువాతి శాస్త్రానికీ దొరకలేదు. తీవ్రమైన విషాదరోగంతోను, శరీర అస్వస్థతతోను క్రుంగి, 1941 జూన్ 1వ తేదీన యేనాలోనే ఆత్మహత్య చేసుకొన్నాడు. అప్పటికి ఆయనకు అరువదియెనిమిది సంవత్సరాలు.

ఆయన విడిచిపోయిన సాధనం మాత్రం పెరుగుతూ వచ్చింది. మూర్ఛకు మందు నిర్ణయించడానికి, నిద్రలోని దశలు తెలిసికొనడానికి, మత్తుమందు లోతు కనిపెట్టడానికి, స్పృహలేని రోగి మెదడు పనిచేస్తున్నదో లేదో చూడడానికి నేటికీ అదే ఆధారం. మెదడు బొమ్మను లోపలినుండి చూపే పెద్ద యంత్రాలు వచ్చినా, సెకనులో వెయ్యవవంతు మార్పును కూడ పట్టే ఈ గీతకు ఆ వేగంలో సాటి తక్కువ.

అయినా దాని హద్దు కూడ మనం మరువరాదు. మనిషి మేలుకొన్నాడో నిద్రించినాడో అది చెప్పగలదు. అతడు ఏమి తలచుచున్నాడో విప్పి చెప్పలేదు. మనస్సుకు అద్దం పట్టవలెనని బయలుదేరిన బెర్గర్ మెదడుకు అద్దం పట్టి ఆగినాడు. ఆ అద్దంలో ఎవరి తల చూచినా అల ఒక్కతీరుగానే లేచి పడుతుంది, న్యాయం చెప్పినవానిదైనా, అన్యాయానికి గురియైనవానిదైనా. ఆ రెండు తలలకు గల భేదం తెలిసికొనడానికి యంత్రం చాలదు. హెడ్‌సెట్టు తలకు ధరించే నేటి విద్యార్థి బెర్గర్ ఓర్పును ఆయనవద్ద నేర్చుకొనవలె. ఆ ఓర్పుతోపాటు ఎదుటి మనిషి పట్ల ఉండవలసిన కనికరాన్ని మాత్రం మరొకచోట నేర్చుకొనవలె.